డ్రాయింగులో లేని పట్టీ

ముసలి కారును కొత్తగా మార్చడం ఎలా? నా ఉద్యోగంలో చివరి మూడేళ్లు ఈ ఒక్క ప్రశ్నకే సరిపోయాయి. జవాబు నాకు తెలుసనే అనుకున్నాను. తెలియదని తేలిన రోజుకు నాకు యాభై తొమ్మిదేళ్లు. ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లలూ, ఇప్పుడిప్పుడే ఫ్యాక్టరీల్లో అడుగుపెడుతున్నవాళ్లూ, ఇది మీకోసం రాస్తున్నాను. ఇందులో నా గొప్పతనం వెతక్కండి, దొరకదు.

మా కంపెనీ ఖరగ్‌పూర్ శివార్లలో ఉండేది. అక్కడ తయారయ్యే కారు ఒక్కటే. పొడవైన, వెడల్పైన, నాలుగు తలుపుల సెడాన్. ఊళ్లో అందరూ దాన్ని పెద్దబండి అనేవారు. వెనక సీట్లో మనిషి బాసింపట్టు వేసుకుని కూర్చుని అన్నం తినవచ్చు. జిల్లా అధికారులు, కాలేజీ ప్రిన్సిపాళ్లు, పెళ్లికొడుకులు అందులోనే తిరిగారు. ముప్పై ఏళ్లకు పైగా దాని రేకుల అచ్చులు మారలేదు. ఈలోగా జనం ఎత్తుగా ఉండే బండ్లకు అలవాటు పడ్డారు. పెద్దబండి కొనేవాళ్లందరూ జుట్టు నెరిసినవాళ్లే అయ్యారు. ఇక దీన్ని ఆపేయాలా, బాగుచేయాలా అన్న చర్చ వచ్చినప్పుడు, బాగుచేసే పని నా నెత్తిన పెట్టారు. నేను బాడీ డిజైన్ విభాగానికి పెద్దను.

అమ్మకాల విభాగం వాళ్లకు కావలసింది తేలిక. ముందువైపు దుకాణం షట్టరంత జాలీ, లోపల టీవీ అంత తెర. పాత మొహానికి పౌడరు దట్టంగా పూస్తే వయసు దాగుతుందని వాళ్ల నమ్మకం. నేను ఒప్పుకోలేదు. కొత్త బాడీకి కొత్త అచ్చులు కావాలి, వాటికి కంపెనీ సిద్ధంగా లేదు. కాబట్టి అస్థిపంజరం పాతదే. దాంతో ఏం చేయగలం అన్నదే ప్రశ్న. ఈ బండికి ఉన్న ఒకే ఒక్క గుణం వెనక సీటు విశాలం. దాన్ని ముట్టుకోవద్దు. పెట్రోలు ఇంజనుకు తోడుగా బ్యాటరీ పెట్టి దాని దాహం తగ్గిద్దాం. వెనక సీటు గుహలా చీకటిగా ఉంటుంది కనుక పైకప్పు రేకు కోసి గాజు పెడదాం. బ్యాటరీ బరువు, గాజు బరువు పెరుగుతాయి కనుక మిగతా చోట్ల ప్రతి గ్రామూ లెక్క చూసి తీసేద్దాం. కొత్తదనమంటే అతికించడం కాదనీ, అక్కర్లేనిదాన్ని పీకేయడమనీ సమావేశంలో బల్ల గుద్ది చెప్పాను. నెగ్గాను. వాదనలో నెగ్గడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

ఆ అలవాటు గురించి రెండు మాటలు. నేను ఇక్కడి రైల్వే కాలనీ అయిన ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో పుట్టాను. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. కాలనీలో తెలుగువాళ్లు పెట్టుకున్న గ్రంథాలయంలో ఆదివారం సభలు జరిగేవి. మొక్కుబడులు, ముహూర్తాలు, కులం, దిష్టి, ఏదో ఒకటి తీసుకుని వాదించేవాళ్లం. పదహారేళ్లకే నేను పురోహితుణ్ణి నిలబెట్టి ప్రశ్నలడిగాను. ఉద్యోగంలో చేరాక కూడా మానలేదు. కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టే అధికారిని, దీనివల్ల టైరు ఎంత తక్కువ అరుగుతుందో కొలిచి చెప్పమని పదిమందిలో అడిగాను. ఇప్పటికీ నేను దేవుణ్ణి నమ్మను. ఈ వ్యాసం చివర నమ్ముతానేమోనని ఎవరైనా ఎదురుచూస్తే ఇక్కడే చదవడం మానేయవచ్చు.

బరువు తగ్గించే పనిలో డ్రాయింగులు చేతబట్టుకుని బాడీ షాపుకు వెళ్లాను. ఒక్కో ముక్క చూపించమని, తూచి, రాసుకుంటూ పోయాను. అక్కడ పెద్ద వెల్డరు మా కాలనీ మనిషే. అతని భార్య రైల్వే ఆస్పత్రిలో ఆయా, క్వార్టరు ఆమె పేరు మీద ఉంది. ఆమె నన్ను అన్నయ్య అని పిలిచేది. ఆ వరసన ఇంటి దగ్గర నేను అతనికి బావను, షాపులో సారును. ముప్పై ఏళ్లుగా పెద్దబండి బాడీలు అతని చేతి మీదుగా వెళ్లాయి.

ముందు తలుపుకూ వెనక తలుపుకూ నడుమ ఒక స్తంభం ఉంటుంది. అది పైకి వెళ్లి కప్పు అంచును కలుస్తుంది. ఆ మూలలో, లోపలి రేకు మూయకముందు, అతను ఒక ఇనప పట్టీ పెట్టి నాలుగు వెల్డింగు టాకాలు వేశాడు. అరచేతి పొడవు, రెండు వేళ్ల వెడల్పు. తరవాత ప్యాంటు జేబులోంచి చిన్న డబ్బీ తీసి పట్టీ మీద సిందూరం అద్దాడు.

“ఇదేటి?” అన్నాను.

“విశ్వకర్మ పట్టీ సారూ.”

“డ్రాయింగులో నేదు.”

“దేవుడి వాటా డ్రాయింగులో ఎందుకుంటాదండి?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను, వేరే కారణానికి.

“ఎవుడు ఎయ్యమన్నాడు?”

“మా మేస్త్రీ దాదా. ఆయన పోయి పదేళ్లయింది. నాకు పని నేర్పినప్పుడే సెప్పినాడు. ఇది ఎయ్యకుండా బండి రోడ్డెక్కితే మద్దెలోకి ఇరుగుద్దట. అందుకని ఒక్క బండికీ మానలేదు నాను. సెలవెడితే కుర్రోళ్లకి సెప్పి ఎలతాను.”

ఆ మాటను నేను శాపంగా విన్నాను. సమాచారంగా వినలేదు. ఈ తేడా దగ్గర కాస్త ఆగండి, నేను ఆ రోజు ఆగలేదు.

మర్నాడు ఆ పట్టీని నిషేధిస్తూ సర్క్యులర్ రాశాను. డ్రాయింగులో లేని ఏ ముక్కనూ బాడీలో పెట్టరాదు, మతపరమైన కారణాలకు ఉత్పత్తిలో చోటు లేదు. అంతటితో తృప్తి పడలేదు. బాడీ షాపులో అందరినీ నిలబెట్టి అరగంట మాట్లాడాను. ముప్పై ఏళ్లుగా ప్రతి కారులో ఒక ఇనప ముక్కను దేవుడి పేరిట మోయించారు, ఆ ముక్కను మోయడానికి ఎంత పెట్రోలు కాలిందో తెలుసా అని అడిగాను. నెగ్గాననుకున్నాను. పెద్ద వెల్డరు మాత్రం చేతి తొడుగులు విప్పుతూ, “మీ ఇష్టం సారూ. మాట సెప్పడం తేలికే,” అన్నాడు.

పరీక్షల కోసం మూడు బాడీలు తయారు చేయాలి. మొదటి రెండూ పట్టీ లేకుండా పూర్తయ్యాయి. మూడోది విశ్వకర్మ పూజ ముందురోజు పూర్తయింది. ఖరగ్‌పూర్‌లో ఆ పండగంటే ఏమిటో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. మర్నాడు ఏ మిషనూ తిరగదు, ఏ పనిముట్టునూ ముట్టరు. ఆకాశం నిండా గాలిపటాలు. సెలవు అయ్యాక నేను మూడో బాడీని తనిఖీ చేశాను. స్తంభానికి ఉన్న చిన్న రంధ్రంలోంచి సన్నని గొట్టం కెమెరా లోపలికి పంపాను. తెర మీద బూడిదరంగు రేకు, టాకాల వరస, ఆ తరవాత ఎర్రటి సిందూరం చుక్క.

ఆ క్షణాన నాకు ఒళ్లు మండింది. నన్ను ఎదురుగా ధిక్కరించి ఉంటే ఇంత కోపం వచ్చేది కాదు. దాచి పెట్టాడు. అప్పటికప్పుడు ఫిర్యాదు రాశాను. ఉద్దేశపూర్వకంగా ఆదేశాన్ని ఉల్లంఘించాడు, మూఢనమ్మకంతో పరీక్ష బాడీని పాడుచేశాడు అని. పెద్ద వెల్డరును విచారణ తేలేదాకా పనిలోంచి ఆపేశారు. తప్పు రుజువైతే ఉద్యోగం పోతుంది. రిటైరవడానికి అతనికి ఇంకా ఎనిమిది నెలలున్నాయి. మూడో బాడీని పనికిరానిదని షెడ్డు మూలకు తోసేయించాను.

మా విభాగంలో ఒక అమ్మాయి ఉండేది. తెలంగాణ నుంచి వచ్చి, ఇక్కడి ఇంజనీరింగ్ సంస్థలో చదువుకుని మా దగ్గర చేరింది. కంప్యూటర్‌లో బాడీ బలం లెక్కలు ఆమెవే. సస్పెన్షన్ కాగితం వెళ్లిన రోజు నా గదికి వచ్చింది.

“సర్, ఆ పట్టీ ఉన్న బాడీని, లేని బాడీని పక్కపక్కన పెట్టి ఒక్కసారి చూద్దామా?”

“చూడ్డానికేముందమ్మా? డ్రాయింగు ప్రకారం నువ్వే లెక్క వేశావు కదా. గాజు కప్పు పెట్టినా సరిపోతుందని వచ్చింది.”

“వచ్చింది సర్. కానీ నేను చూసింది లెక్కనే. పట్టీని చూడలే.”

“దేవుడి మీద పరిశోధన మన పని కాదు,” అన్నాను. ఆమె వెళ్లిపోయింది. పిల్లలూ, ఈ మాట అన్నది ఒక హేతువాది. ‘పరీక్షించి చూద్దాం’ అన్న మనిషిని వెనక్కి పంపినవాడు తనను తాను హేతువాది అనుకుంటూ ఆ సాయంత్రం హాయిగా ఇంటికి వెళ్లాడు.

పరీక్ష రోజు వచ్చింది. సాలువా వైపు వెళ్లే దారి పక్కన కంపెనీ ఒక బీడు తీసుకుని అందులో ఎగుడుదిగుడు దారి వేయించింది. ఎడమ చక్రానికి ఒక దిమ్మ, తరవాత కుడి చక్రానికి ఒక దిమ్మ, అలా వంతులవారీగా. బట్టను పిండినట్టు బండిని పిండే దారి అది. డ్రైవరు ఒకప్పుడు సాలువా క్యాంపులో పోలీసు లారీలు నడిపి రిటైరైన గూర్ఖా. నెమ్మదస్తుడు. మొదటి బాడీతో చేసిన బండి ఎక్కాడు. కొత్త దీపాలు, గాజు కప్పు, శుభ్రమైన మొహం. ఎండలో అది నిజంగా అందంగా ఉంది. వర్క్స్ మేనేజరు బెంగాలీ ఆయన. నా భుజం తట్టి, “దారుణ్ హొయెఛే దాదా,” అన్నాడు. బ్రహ్మాండంగా వచ్చిందని.

మొదటి సగం దారి బాగానే వెళ్లింది. ఆ తరవాత పెద్ద దిమ్మ ఎక్కుతుండగా టప్పుమని శబ్దం. తుపాకీ అనుకున్నాను, సాలువా పోలీసు క్యాంపు పక్కనే కదా. కానీ బండి కప్పు లేదు. గాజు మొత్తం పటికముక్కల్లా పొడి అయి లోపలికి కురిసింది. బండి ఆగింది. మేము పరిగెత్తాం. డ్రైవరు నుదుటి మీంచి, చెవి మీంచి రక్తం కారుతోంది. తలుపు లాగాను. రాలేదు. ఇద్దరం లాగాం. మధ్య స్తంభం పైమూల చీలి, బండి నడుములో ఒరిగి, తలుపును పట్టేసింది. లోపలి నుంచి అతను మెల్లగా, “సాబ్, దర్వాజా నహీ ఖుల్ రహా,” అన్నాడు. ఎంత మెల్లగా అంటే, మమ్మల్ని కంగారుపెట్టడం ఇష్టం లేనట్టు.

కిటికీలోంచి అతన్ని బయటికి లాగాం. ఆస్పత్రి బండి వెళ్లిపోయాక అందరూ గాజుపొడి వైపు చూస్తున్నారు, నేను మధ్య స్తంభం పైమూల చూస్తున్నాను. రేకు కాగితంలా చిరిగింది. సరిగ్గా అక్కడే. మద్దెలోకి ఇరుగుద్దట, అన్న మాట నా చెవిలో మోగింది. నా జీవితంలో అంత భయం ఎన్నడూ వేయలేదు. చావు భయం కాదది. నా బుర్ర నన్ను మోసం చేసిందన్న భయం.

ఈసారి ఆ అమ్మాయి అడగలేదు. నేనే అడిగాను. షెడ్డు మూలన ఉన్న మూడో బాడీకి నాలుగు రోజుల్లో చక్రాలు, ఇంజను, గాజు కప్పు బిగించాం. అదే దారి. డ్రైవరు కుట్లతోనే వచ్చాడు. వద్దన్నాను. “మీరు పక్కన కూర్చుంటే నడుపుతాను సాబ్,” అని హిందీలో అన్నాడు. కూర్చున్నాను. మొదటి దిమ్మ నుంచి చివరి దిమ్మ దాకా తలెత్తి ఆ గాజునే చూస్తూ కూర్చున్నాను. ఏమీ కాలేదు. ఒక్క కిర్రుమన్న చప్పుడు కూడా లేదు. బండి ఆగాక ఆ అమ్మాయి వచ్చి వెనక తలుపును ఒక్క వేలితో తీసింది.

ఎలా జరిగిందో రెండు రోజుల్లో తేలింది. కంప్యూటర్‌లో లెక్క కట్టేటప్పుడు డ్రాయింగు ప్రకారమే కట్టాం. తరవాత షాపు నుంచి ఒక పాత పెద్దబండి తెచ్చి, దాని గట్టితనం కొలిచి, లెక్కను ఆ కొలతకు సరిపోయేలా సవరించాం. ఎవరైనా అలాగే చేస్తారు. కానీ ఆ కొలిచిన బండిలో పట్టీ ఉంది. లెక్కలో లేదు. దాంతో ఆ లెక్క పట్టీ బలాన్ని దాని పక్కనున్న రేకుకు అంటగట్టింది. ఆ రేకుకు అంత బలం లేదు. ఇంతకాలం ఇనప కప్పు కొంత, పట్టీ కొంత మోశాయి. కప్పు కోసి గాజు పెట్టింది నేను. పట్టీ పీకింది నేను.

ఇంతటితో ఆగి ఉంటే నా తప్పు ఒక ఇంజనీరు తప్పుగా ఉండిపోయేది. పాత డ్రాయింగులు వెతుకుతూ ఆ అమ్మాయి మా విభాగం బీరువాలో ఒక ఫైలు పట్టుకుంది. నా బల్ల మీద తెరిచి పెట్టి, నిలబడే ఉంది.

“జర చూడండి సర్. ఈ సంతకం మీదేనా?”

పెద్ద వెల్డరుకు పని నేర్పిన మేస్త్రీ అర్జీ అది. బెంగాలీలో రాసి, కింద ఎవరి చేతో వంకర ఇంగ్లీషులో మళ్లీ రాయించాడు. చెడ్డ రోడ్ల మీద తిరిగిన బండ్లు రిపేరుకు వస్తే మధ్య స్తంభం పైమూలలో చీలిక కనిపిస్తోంది, ఒక పట్టీ వేస్తే ఆగుతుంది, అనుమతించగలరు. పట్టీ బొమ్మ కూడా పెన్సిలుతో గీశాడు. అలాంటివి మూడు అర్జీలు. మొదటి రెండింటినీ నా కంటే పెద్దవాళ్లు తిప్పి పంపారు. మూడోదాని మీద తిరస్కారం రాసింది అప్పుడే చేరిన కుర్ర ఇంజనీరు. చక్కని దస్తూరి. ‘శాస్త్రీయ ఆధారం చూపలేదు. డ్రాయింగు మార్చనవసరం లేదు.’ కింద నా సంతకం.

నాకు ఆ కాగితం గుర్తులేదు. ఈ రోజు వరకూ గుర్తు రాలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. గుర్తు పెట్టుకోవలసినంత విషయంగా కూడా నాకు తోచలేదన్నమాట. ఆధారం చూపమన్నాను సరే. చూపడానికి ఆ మనిషి దగ్గర ఏముంది? కొలిచే యంత్రం నా గదిలో ఉంది, చీలిక అతని కంటి ముందు ఉంది. నేను పది అడుగులు వేసి షాపుకు వెళ్లి చూడలేదు. అప్పుడతను ఏం చేశాడు? డిజైన్ గది ఆమోదం లేని ముక్కను వందలమంది చేత, తాను పోయాక కూడా, ఒక్క బండికీ మానకుండా వేయించాలంటే ఏ అధికారం పనికొస్తుంది? ఆ షాపులో నాకంటే పై అధికారి ఒక్కడే ఉన్నాడు. మేస్త్రీ అతని పేరు వాడుకున్నాడు.

మర్నాడు విచారణ. ఆ సాయంత్రం పెద్ద వెల్డరు క్వార్టరుకు వెళ్లాను. తలుపు తీసింది అతని భార్య.

“రండి అన్నయ్యా. కూకోండి. కుర్సీ కింద ఏ పట్టీ ఉందో సూసుకుని మరీ కూకోండి.”

తలొంచుకుని కూర్చున్నాను. ఆమె టీ గ్లాసు నా ముందు పెట్టి అక్కడే నిలబడింది.

“మా ఆయన పట్టీ ఎట్టినాడనీసి పనిలోంచి ఆపీసినారు. మీరు పట్టీ తీయించీసి డ్రైవరు బుర్ర పగలగొట్టించినారు. మరి మిమ్మల్నేటి సేసినారు అన్నయ్యా?”

“ఊరుకోయే,” అన్నాడు పెద్ద వెల్డరు.

“నానెందుకు ఊరుకోవాల? ఆస్పత్రిలో ఆ డ్రైవరు కుట్లు కడిగింది నానే.”

నేను పరీక్ష సంగతి చెప్పాను. మూడో బాడీ నిలబడిందని చెప్పాను. అతను విన్నాడు, మొహంలో ఏ మార్పూ లేదు. ఫైలు గురించి చెప్పలేదు. సంచిలో నా ఒళ్లోనే ఉంది. నోరు రాలేదు. బదులుగా ఒక ఉపాయం చెప్పాను.

“రేపు ఎందుకేసినావని అడుగుతారు. బండి బలం కోసం ఏసినానని సెప్పు. రేకు బలం సాలదని నీకు అనుమానమొచ్చిందని సెప్పు. ముప్పై ఏళ్ల అనుభవం నీది, నమ్ముతారు. దేవుడి మాట తేవద్దు. తెస్తే ఆదేశం ఉల్లంఘించినట్టే అవుతాది.”

అతను గోడకు వీపు ఆనించాడు.

“బలం కోసమని నాకు తెలీదు కదా బావా.”

“ఇప్పుడు తెలిసింది కదా.”

“ఇప్పుడు తెలిసింది. ఆ రోజు తెలీదు. ఆ రోజు ఎందుకేసినావనే కదా ఆళ్లు అడిగేది. తెలీందాన్ని తెలుసనీసి ఎలా సెప్పమంటావు?”

గ్రంథాలయం సభల్లో నలభై ఏళ్లు నేను చెప్పిన మాట ఇదొక్కటే. తెలియనిదాన్ని తెలుసని చెప్పకు. పురోహితుణ్ణి నిలబెట్టి అడిగింది ఇదే. ఇప్పుడు నేను ఒక భక్తుడి ఇంట్లో కూర్చుని, అతని టీ తాగుతూ, అబద్ధం ఆడమని బతిమాలుతున్నాను. అతను నా సూత్రం నాకే చెబుతున్నాడు, అది నా సూత్రమని తెలియకుండానే.

“ఉజ్జోగం పోద్ది,” అన్నాను.

“పోతే పోద్ది,” అన్నాడు. అతని భార్య ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది. అలా గ్లాసు తీసుకోవడం కంటే ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

విచారణ వర్క్స్ మేనేజరు గదిలో జరిగింది. ఆయనా, మరో ఇద్దరు అధికారులూ. హిందీలో అడిగారు, పెద్ద వెల్డరు తనకు వచ్చిన హిందీ, బెంగాలీ, తెలుగు కలిపి చెప్పాడు. ఆదేశం చదివావా? చదివించుకున్నాను. తెలిసే వేశావా? తెలిసే వేశాను. ఎందుకు?

“మర్నాడు పూజ. ఆ రోజు సేసిన బాడీకి దేవుడి పట్టీ మానడానికి సెయ్యి రాలేదు దాదా.”

మేనేజరు మంచివాడు. దారి చూపించాలనుకున్నాడు. “బలం కోసమని నీకు అనిపించి ఉంటుంది. చెప్పు దాదా, అవునా?”

గదిలో అందరికీ తెలుసు, అవునంటే అయిపోతుందని. అతను నా వైపు చూడలేదు.

“లేదండి. తెలుసనీసి సెప్తే అబద్ధం అవుతాది.”

మేనేజరు కలం కింద పెట్టాడు. అప్పుడు లేచాను. సంచిలోంచి ఫైలు తీసి బల్ల మీద పెట్టాను. ఈ పట్టీ దేవుడి కోసం పుట్టలేదు, మూడుసార్లు అడిగితే మేం కాదన్నందుకు దేవుడి వెనక దాక్కుంది, ఈ దేవుడి జన్మపత్రం మీద సంతకం నాది, శిక్ష వేయాలంటే నాతో మొదలుపెట్టండి అన్నాను. గొంతు పెద్దగానే వచ్చింది. ఎప్పటి అలవాటు. కానీ ఈసారి ఎదుటివాణ్ణి ఓడించడానికి కాదు.

పెద్ద వెల్డరు వంగి ఆ అర్జీని చూశాడు. మేస్త్రీ బెంగాలీ రాత గుర్తుపట్టాడు. పెన్సిలు బొమ్మ మీద వేలు పెట్టాడు. అతని మొహం పాలిపోయింది. నేను అతణ్ణి కాపాడుతున్నాననుకున్నాను. అతను మాత్రం గురువునూ దేవుణ్ణీ ఒకేసారి పోగొట్టుకున్నవాడిలా నిలబడ్డాడు.

“నాకెందుకు సెప్పనేదు?” అన్నాడు తెలుగులో, ఎవరినీ చూడకుండా. “ముప్పై ఏళ్లు. నాకు సెప్తే నాను మానేద్దునా?”

దానికి జవాబు చెప్పవలసినవాళ్లు ఇద్దరు. ఒకడు చనిపోయాడు. రెండోవాణ్ణి నేను.

సస్పెన్షన్ ఎత్తేశారు. ఆదేశం మీరినందుకు అతనికి ఒక హెచ్చరిక ఉత్తరం ఇచ్చారు. నాకూ ఒకటి ఇచ్చారు, అతనిదానికంటే పొడవైనది. రావలసిన పదోన్నతి రాలేదు, సరైనదే. పట్టీకి డ్రాయింగులో నంబరు పడింది.

ఈ కథ విని కొందరు నాతో అన్నారు, చూశావా, పెద్దలు పెట్టిన ఆచారాల వెనక ఏదో సైన్సు ఉంటుందని. నాకు ఒళ్లు మండుతుంది. వెయ్యి ఆచారాల వెనక ఏమీ లేదు. దీని వెనక ఉందని తెలిసింది పూజ చేసినందుకు కాదు, బండిని దిమ్మల మీద నడిపి చూసినందుకు. నిజాన్ని దేవుడి చాటున దాచిన మేస్త్రీ తప్పు చేశాడు. ఆ చాటున ఒక నిజం అంతరించిపోవడానికి ఒక్క తరం చాలు. మూడో బండి నిలిచిందంటే ఒక మనిషి మొండితనం వల్ల నిలిచింది, అది ఇంజనీరింగ్ కాదు, అదృష్టం. కానీ తీసి పారేసే ముందు ఒక్కసారి కొలిచి చూడని నేను అతనికంటే పెద్ద తప్పు చేశాను. నమ్మకపోవడం ఒక్కటే హేతువాదమైతే నా అంత హేతువాది ఖరగ్‌పూర్‌లో లేడు.

అతను పనిలో చేరిన మొదటి రోజు కొత్త డ్రాయింగు తీసుకుని బాడీ షాపుకు వెళ్లాను. ఆ అమ్మాయీ వచ్చింది. ఒక చెప్పుల అట్టపెట్టె తీసుకుని, మూత ఉన్నప్పుడు మెలితిప్పి, మూత తీసి మళ్లీ మెలితిప్పి, మూలల్లో అట్టముక్కలు అంటించి ఇంకోసారి మెలితిప్పి, పట్టీ ఏం చేస్తుందో అందరికీ చూపించాను. ముప్పై ఏళ్ల కిందట చేయాల్సిన పని. కుర్రాళ్లు పెట్టెను చేతుల్లోకి తీసుకుని తిప్పి చూశారు. పెద్ద వెల్డరు చివరిగా తీసుకున్నాడు. చాలాసేపు మెలితిప్పాడు. అర్థమైందో లేదో మొహంలో తెలియలేదు. తరవాత డ్రాయింగు మీదికి వంగాడు.

“రెండు పక్కలా ఒకే ఎత్తులో గీసినారు.”

“అవును. రెండు పక్కలూ ఒకటే కదా.”

“కాదు సారూ. ఎడం పక్క అంగుళం కిందకి ఏస్తాం. మేస్త్రీ అలాగే సూపించినాడు. మూడో బండిలో కూడా అలాగే ఏసినాను.” తలెత్తి నా కళ్లలోకి చూశాడు. “ఎందుకు సారూ?”

అమ్మాయి నా వైపు చూసింది. ఆమెకూ తెలియదు. షాపులో ఇరవై మంది నా జవాబు కోసం ఆగారు. ఒక మంచి జవాబు కల్పించగలను, అందరూ నమ్మేది, నేనూ సాయంత్రానికి నమ్మేది.

“తెలీదు,” అన్నాను.

ఆ మాట షాపులో నేను అంతకుముందు ఎప్పుడూ అనలేదు. అతను తలూపాడు. నా చేతిలోని సుద్దముక్క తీసుకుని మూడో బాడీ దగ్గరికి నడిచాడు. ఎడమ స్తంభం మీద, ఎక్కడ కోసి చూడాలో, గీత గీశాడు.